కాగితపు నక్షత్రము

పండుగ వచ్చినదనగా ఇంటిని అలంకరించుకొనుట అన్ని దేశములవారికిని ఆచారమే. ఉగాదినాడు తెలుగువారు గుమ్మములకు మామిడాకుల తోరణములు కట్టుదురు. సంక్రాంతికి ముంగిళ్లలో ముగ్గులు తీర్చి గొబ్బెమ్మలను ఉంచుదురు. డిసెంబరు నెల ప్రవేశించినంతనే క్రైస్తవుల యిండ్ల ముందు, వెదురుబద్దలకు రంగుకాగితములు అతికించి చేసిన నక్షత్రములు రాత్రులందు వెలుగుచుండును. యేసుక్రీస్తు జన్మించినప్పుడు తూర్పుదేశపు జ్ఞానులకు బేత్లెహేమునకు త్రోవ చూపిన చుక్కకు ఆ నక్షత్రములు గురుతులు.

అంగడిలో కొన్న వస్తువుకంటె ఇంటిల్లిపాది కూర్చుండి చేసికొన్న వస్తువుపై మనసునకు మమకారము మెండు. ఆ వస్తువును చూచినప్పుడెల్ల, దానిని చేసిన చేతులు గుర్తునకు వచ్చును. జర్మనీ దేశమున బడిపిల్లల చేతులలో పుట్టిన ఒక కాగితపు నక్షత్రము కథ ఇట్టిదే. లెక్కల పాఠముగా మొదలైన ఆ నక్షత్రము క్రమముగా వేలకొలది కుటుంబములలో ఏటేట జరుపుకొను వేడుక యైనది.

జర్మనీ తూర్పు సరిహద్దున, పోలండు, చెక్ దేశములకు చేరువలో, హెర్న్‌హూట్ అను చిన్న ఊరు కలదు. అది 1722వ సంవత్సరమున వెలసినది. మొరేవియా ప్రాంతమున తమ మతవిశ్వాసము కారణముగా బాధలు పడుచుండిన కొన్ని కుటుంబములు ఇండ్లు వాకిళ్లు విడిచి, రహస్యముగా సరిహద్దు దాటి వచ్చినవి. జిన్‌జెండార్ఫ్ అను ప్రభువుగారి భూమిలో వారికి చోటు దొరికెను. అదియంతయు అప్పుడు అడవి. వారిలో క్రిస్టియన్ డేవిడ్ అను వడ్రంగి గొడ్డలి చేతబట్టి మొదటి చెట్టును నరికెను. అచ్చట కట్టుకొన్న ఊరికి వారు ‘ప్రభువు కాపుదల’ అను అర్థము వచ్చునట్లు హెర్న్‌హూట్ అని పేరిడిరి. వీరి సంఘమునకే మొరేవియన్ సంఘమని పేరు.

ఆ ఊరివారిలో పలువురు చేతిపనులు చేసి బ్రదుకువారు. అయినను వారి దృష్టి సముద్రములను దాటిపోయెను. 1732లో ఒక కుమ్మరియు, ఒక వడ్రంగియు వెస్టిండీసులోని సెయింట్ థామస్ అను ద్వీపమునకు, అచ్చటి బానిసలకు క్రీస్తుబోధ వినిపింపవలెనని బయలుదేరిరి. మరుసటి సంవత్సరమున మరికొందరు మంచుదేశమైన గ్రీన్‌లాండునకు పోయిరి. దక్షిణ అమెరికాలోని సూరినామ్‌నకును, కెనడా తీరమందలి లాబ్రడార్‌నకును ఇట్లే పోయి నివాసములు ఏర్పరచుకొనిరి. మన దేశమునకును వారు వచ్చిరి. 1760లో తమిళదేశపు తీరమున, డేనిష్‌వారి యేలుబడిలోనున్న తరంగంబాడిలో స్థిరపడిరి. పందొమ్మిదవ శతాబ్దమున హిమాలయములలోని కేలాంగ్, లేహ్ పట్టణములవరకు చేరిరి.

ఇట్లు దూరదేశములకు పోయినవారికి పిల్లలు కలిగిరి. ఆ పిల్లలను పెంచుట యెట్లు? కొన్ని తావులు తీవ్రమైన చలికి, కొన్ని విషజ్వరములకు నిలయములు. చదువు చెప్పు బడులు సమీపమున లేవు. అందువలన పిల్లలకు ఆరేడేండ్లు వచ్చుసరికి వారిని ఓడనెక్కించి, జర్మనీలోని సంఘపు వసతి పాఠశాలలకు పంపుట అలవాటయ్యెను. నీస్కి, క్లైన్‌వెల్కా మున్నగు ఊళ్లలో ఇట్టి పాఠశాలలు ఉండెడివి.

తల్లిదండ్రులు తమ బిడ్డల మేలు కోరియే ఈ యేర్పాటు చేసిరి. కాని అది పిల్లలకును, పెద్దలకును మిక్కిలి కఠినమైనది. ఓడరేవున తల్లి చేయి విడిచిన బిడ్డ మరల ఆమెను చూచుటకు ఎన్నో యేండ్లు పట్టెడిది. కొందరు మరల చూడనేలేదు. ఉత్తరములైనను త్వరగా అందెడివి కావు. లాబ్రడార్ తీరమునకు సంఘమువారి ఓడ ఏడాదికి ఒక్క మారే పోయెడిది. సముద్రపు మంచు కరగిన వేసవిలో అది సామానులను, ఉత్తరములను తీసికొనిపోయి, మరల మంచు గడ్డకట్టకమునుపే తిరిగి రావలెను. ఆ ఓడ వెళ్లిపోయిన మరునాడు పిల్లవాడు వ్రాసిన జాబు, తరువాతి వేసవివరకు పెట్టెలో ఉండవలసినదే.

జర్మనీలో శీతకాలమున పగలు మిక్కిలి చిన్నది. మధ్యాహ్నము దాటిన కొంతసేపటికే చీకటి క్రమ్ముకొనును. వీథులలో మంచు పేరుకొనును. అట్టి దినములలోనే క్రిస్మస్ పండుగ వచ్చును. పండుగకు ముందు వచ్చు నాలుగు ఆదివారములతో కూడిన కాలమును ఆగమన కాలమందురు. ఊరిలోని కుటుంబములన్నియు పండుగకై ఎదురుచూచుచుండగా, తలిదండ్రులు సముద్రములకు ఆవల నున్న పిల్లలకు ఆ సాయంకాలములు ఎంత భారముగా తోచియుండునో ఊహింపవచ్చును. పాఠశాలలలో ఆ కాలమున చేతిపనులకు ప్రాధాన్య మిచ్చుచుండిరి. కాగితమును, అట్టను కత్తిరించి, అతికించి వస్తువులు చేయుట ఆ పనులలో ఒకటి.

ఇట్టి వాతావరణమున ఆ నక్షత్రము పుట్టినది. 1821వ సంవత్సరము జనవరి నెలలో నీస్కిలోని విద్యాలయము తన యేబదవ వార్షికోత్సవమును జరుపుకొనెను. ఆ సందర్భమున 110 మొనలు గల పెద్ద నక్షత్రమొకటి చేసి, లోపల దీపము వెలిగించి వ్రేలాడదీసిరి. నలుదిక్కులకును, పైకిని, క్రిందికిని మొనలు చాచి వెలుగుచున్న ఆ నక్షత్రము అందరిని ఆకర్షించెను. తరువాతి కాలమున అట్టి నక్షత్రములను చేయుట వసతి పాఠశాలలలో రేఖాగణిత పాఠమునకు తోడైన పని యయ్యెను. పుస్తకములో బొమ్మగా మాత్రమే చూచిన ఘనాకారములను పిల్లలు తమ చేతులతో కట్టి, త్రిప్పి చూచి తెలిసికొనిరి.

ఆ నక్షత్రము నిర్మాణమును కొంచెము పరిశీలింతము. సామాన్యముగా గోడపై గీయు నక్షత్రమునకు ఐదు మొనలు. అది బల్లపరుపుగా నుండును. ఈ నక్షత్రము అట్టిది కాదు. దీని నడుమ ఒక ఘనాకారము కలదు. దాని నడికట్టుగా ఎనిమిది చతురస్రములు వరుసగా వలయమువలె నిలిచియుండును. ఆ వలయమునకు పైభాగమున నాలుగు చతురస్రములును, నాలుగు సమబాహు త్రిభుజములును ఒకదాని ప్రక్క నొకటి వాలుగా అమరియుండును. వాటి శిఖరమున ఒక చతురస్రము మూతవలె కూర్చుండును. క్రింది భాగమునను సరిగా ఇట్లే. లెక్కించినచో చతురస్రములు 18, త్రిభుజములు 8, మొత్తము ముఖములు 26. గ్రీకుదేశపు గణితవేత్త యగు ఆర్కిమిడీసు పేరిట ప్రసిద్ధములైన పదుమూడు ఘనాకారములలో ఇది యొకటి.

ఈ ముఖములలో పైనున్న చతురస్ర మొకటి తెరచియుంచుదురు. దానిగుండ దీపమును లోనికి దించి, నక్షత్రమును వ్రేలాడదీయుదురు. మిగిలిన 25 ముఖములమీదను ఒక్కొక్క మొన నిలుచును. చతురస్రముపై నిలుచు మొనకు నాలుగు ప్రక్కలు, త్రిభుజముపై నిలుచు మొనకు మూడు ప్రక్కలు. అనగా నాలుగు ప్రక్కల మొనలు 17, మూడు ప్రక్కల మొనలు 8. నాలుగు ప్రక్కల మొనను చేయుటకు కాగితముపై నాలుగు పొడవైన త్రిభుజములను ప్రక్కప్రక్కన గీచి, జిగురు రాయుటకు అంచున కొంత విడిచి, కత్తిరించి మడువవలెను.

చెప్పుటకిది సులువుగానే యుండును. చేయునప్పుడు గాని కష్టము తెలియదు. చతురస్రముల భుజములు, త్రిభుజముల భుజములు అన్నియు ఒకే కొలతలో నుండవలెను. ఒక అంచు వెంట్రుకవాసి హెచ్చినను, తగ్గినను ఆ తప్పు తరువాతి దానికి, దానినుండి మరియొకదానికి ప్రాకి, చివరి ముఖము దగ్గరకు వచ్చుసరికి సందు కూడక తెలిసిపోవును. అప్పుడు దానిని విప్పి మరల మొదలిడవలసినదే. ఓర్పు లేనివానికి ఆ నక్షత్రము లొంగదు. ఒక్కడు చేయుటకంటె నలుగురు కూడి చేయుట మేలు. ఒకరు కొలిచి గీయగా, ఒకరు కత్తిరింప, ఇంకొకరు మడువ, వేరొకరు జిగురు ఆరువరకు పట్టుకొనియుండవలెను.

మొదట ఇట్టి నక్షత్రములను ఎఱుపు, తెలుపు కాగితములతో చేసెడివారు. తెలుపు క్రీస్తు పరిశుద్ధతకు, ఎఱుపు ఆయన చిందించిన రక్తమునకు గురుతులని వారి భావన. తరువాత పసుపు మొదలగు రంగులును వచ్చినవి.

పాఠశాలలో నేర్చిన విద్య పాఠశాలలోనే నిలిచిపోలేదు. పిల్లలు దానిని తమ యిండ్లకు గొనిపోయిరి. చదువు ముగించి పెద్దవారై గృహస్థులైన పిమ్మట తమ బిడ్డలకు నేర్పిరి. ఆగమన కాలపు మొదటి ఆదివారమున కుటుంబమంతయు బల్లచుట్టు చేరి నక్షత్రమును కూర్చుట ఆచారమయ్యెను. ఒకనాడు ఇంటికి దూరమై, పరుల నడుమ కూర్చుండి మొనలు అతికించిన బాలుడు, నేడు తన యింట తన పిల్లల నడుమ కూర్చుండి అదే పని చేయుచున్నాడన్న, ఆ నక్షత్రము వానికి ఎంత ప్రియమైనదిగా నుండునో వేరుగ చెప్పనక్కరలేదు. సంఘమువారు కాపురముండిన దూరదేశములకును ఈ ఆచారము వ్యాపించెను. అమెరికాలోని పెన్సిల్వేనియా, ఉత్తర కరోలినా రాష్ట్రములలో మొరేవియనులు కట్టుకొన్న ఊళ్లలో నేటికిని డిసెంబరు మాసమున ఇంటి వసారాలలో ఈ నక్షత్రములు వెలుగుచుండును.

అందరికిని దీనిని మొదటినుండి కొలిచి, కత్తిరించి చేయు నేర్పు, తీరిక ఉండవు. పందొమ్మిదవ శతాబ్దము ముగియుచున్న దినములలో హెర్న్‌హూట్‌లోని పీటర్ వెర్బేక్ అను పుస్తక వర్తకుడు ఈ చిక్కును గుర్తించెను. ఎవరైనను ఇంటివద్ద కూర్చుకొని, పండుగ ముగిసిన పిమ్మట విప్పి, పెట్టెలో సర్దుకొనుటకు వీలైన నక్షత్రమును ఆయన రూపొందించి అమ్మసాగెను. విడిభాగములుగా నుండుటవలన దానిని దూరప్రదేశములకు పంపుట సులభమయ్యెను. ఆ పనియే పెరిగి కర్మాగారమైనది. 1925లో నక్షత్రము నిర్మాణమును ఇంకను మెరుగుపరచి, దానికి పేటెంటు పొందిరి.

ఇచ్చట గమనింపదగిన విషయ మొకటి కలదు. వర్తకుడు తలచుకొన్నచో నక్షత్రమును పూర్తిగా అతికించి, సిద్ధము చేసి అమ్మియుండవచ్చును. కాని విడిభాగములుగానే అమ్ముటచేత కొన్నవారికి చేతినిండ పని మిగిలెను. పెట్టె తెరచి, మొనలను లెక్కించి, నాలుగు ప్రక్కలవి ఒక కుప్పగా, మూడు ప్రక్కలవి ఒక కుప్పగా వేరుచేసి, ఒక్కొక్కటే తగిలింపవలెను. పసివారికి సైతము అందులో పాలుండును. వస్తువు అంగడినుండి వచ్చినను, వేడుక మాత్రము ఇంటిలోనే నిలిచెను.

హెర్న్‌హూట్ కష్టములు చూడకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగియుచుండగా, 1945 మే నెలలో ఆ ఊరి నడిబొడ్డు అగ్నికి ఆహుతి యయ్యెను. ప్రార్థనామందిరము, పలు గృహములు కాలిపోయినవి. ఊరివారు వాటిని తిరిగి కట్టుకొనిరి. నక్షత్రములు చేయు పనియు మరల సాగెను. నేడు ఆ ఊరి కర్మాగారమునకు వచ్చువారు, పనివారు చేతులతో మొనలను అతికించుటను కన్నులార చూడవచ్చును. 2024లో యునెస్కో సంస్థ హెర్న్‌హూట్‌ను, మొరేవియనుల మరికొన్ని ఊళ్లతో కూడ, ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చెను.

క్రిస్మస్ గడచి, జ్ఞానుల రాకను స్మరించు జనవరి 6వ తేదీ వచ్చిన పిమ్మట, ఆ కుటుంబములవారు నక్షత్రమును దించుదురు. మొనలను ఒక్కొక్కటే విప్పి, నలుగకుండ ఒకదానిలో నొకటి దూర్చి పెట్టెలో నుంచుదురు. మరుసటి యేడు పెట్టె తెరచునప్పుడు బల్లచుట్టు కూర్చుండువారు అందరును వారే కాకపోవచ్చును. తాత లేకపోవచ్చును, ఉద్యోగమునకై అన్న దూరదేశము పోయియుండవచ్చును, నిరుడు ఒడిలోనున్న శిశువు ఈ యేడు మొన పట్టుకొనుటకు చేయి చాపవచ్చును. మొనలు మాత్రము 25. లేనివారి పని ఉన్నవారు అందుకొందురు. మొదట దీనిని చేసిన పిల్లలకును తమవారు దగ్గరలేరు. అయినను వారు దీపమును వెలిగించిరి.

తెలుగునాట వెదురుబద్దల నక్షత్రమును కట్టు పిల్లలు హెర్న్‌హూట్ పేరు వినియుండకపోవచ్చును. వారి నక్షత్రమునకు ఐదు మొనలే యుండవచ్చును. అయినను బద్దలు చీల్చియిచ్చు తండ్రి, జిగురు కాచియిచ్చు తల్లి, కాగితము చినుగకుండ పట్టుకొను చెల్లెలు, చీకటి పడినంతనే దీపము వెలిగించుటకు తొందరపడు తమ్ముడు అచ్చటను కలరు. వత్సరములు గడచిన పిదప ఆ పిల్లలకు నక్షత్రము రంగు మరపునకు రావచ్చును. దానిని ఎవరి ప్రక్కన కూర్చుండి చేసినదియు మాత్రము మరపునకు రాదు.

ప్రశ్నలు

1. హెర్న్‌హూట్ గ్రామము ఎప్పుడు, ఎట్లు వెలసినది?

2. మొరేవియన్ బోధకుల పిల్లలు తల్లిదండ్రులకు దూరముగా ఎందుకు ఉండవలసి వచ్చెను?

3. నక్షత్రమునకు 26 ముఖములుండగా 25 మొనలే యుండుటకు కారణమేమి? అట్టతో ఆ ఘనాకారమును చేసి, ముఖములను లెక్కించి చూపుము.

4. నక్షత్రమును విడిభాగములుగా అమ్ముటవలన కుటుంబములకు కలిగిన మేలేమి?

5. మీ యింట అందరు కలిసి చేయు పండుగ అలంకార మొకదానిని గూర్చి పది వాక్యములలో వ్రాయుము.